జాజ్ సీడీలు: ఎంచుకోవడం, కొనడం, ఉప్పుగాలిలో కాపాడుకోవడం

కచేరీకి బయలుదేరే ముందు మన ఇళ్లలో పెద్దవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "పక్కవాద్యాలు ఎవరు?" పాడేది ఎవరో ముందే తెలుసు. వయొలిన్ ఎవరిది, మృదంగం ఎవరిది అన్నది తెలిస్తేనే ఆ సాయంత్రం ఎలా సాగుతుందో వాళ్లకు అంచనా దొరుకుతుంది. జాజ్ వినడానికి కావలసిన మొదటి అలవాటు అదే. అట్ట మీద ఒక్క పేరే పెద్ద అక్షరాల్లో ఉన్నా, ఆ సంగీతం నలుగురైదుగురు అప్పటికప్పుడు కలిసి అల్లినది. ఫోనులో వింటున్నప్పుడు చాలాసార్లు ఆ మిగతా నలుగురి పేర్లు కంటపడవు. సీడీ బుక్‌లెట్ తెరిస్తే పియానో ఎవరు, బాస్ (మంద్రంగా పలికే పెద్ద తీగవాద్యం, డబుల్ బాస్) ఎవరు, ఏ తేదీన ఏ స్టూడియోలో కూర్చున్నారు అన్నవన్నీ ఉంటాయి. జాజ్ మొదలుపెడతామని అడిగేవారికి నేను సీడీ కొనమని చెప్పేది ఇందుకే.

ఇరవై ఏళ్లుగా విశాఖలో, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటూ ఈ డిస్కులు కూడబెడుతున్నాను. నేర్చుకున్నవి వరుసగా చెబుతాను. సరదాగా వినేవారికి మొదటి మూడు అడుగులు చాలు. ముద్రణల తేడాలు పట్టుకోవాలనుకునే సేకర్తలు మిగతావి కూడా చదవండి.

మొదటి అడుగు: వినే సాధనం

కొత్త యంత్రం కొనే ముందు ఇంట్లో అటక మీద చూడండి. 2005 ప్రాంతంలో కొన్న డీవీడీ ప్లేయర్ చాలా ఇళ్లలో ఇంకా ఉంది. అది సీడీని చక్కగా చదువుతుంది. తలుపు తెరుచుకోకపోతే లోపలి రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటుంది, డిస్కును గుర్తించకపోతే లేజర్ కటకం మీద దుమ్ము ఉంటుంది. రెండూ మామూలు మెకానిక్ బాగుచేసేవే. ప్లేయర్ వెనుక కోయాక్సియల్ లేదా ఆప్టికల్ డిజిటల్ రంధ్రం ఉంటే ఇంకా మంచిది. తర్వాత ఎప్పుడైనా ఒక డాక్ (డిజిటల్ సంకేతాన్ని ధ్వనిగా మార్చే చిన్న పెట్టె) కొని దానికి కలిపితే, పాత ప్లేయరే డిస్కును చదివి సంకేతం పంపే మంచి సీడీ ట్రాన్స్‌పోర్ట్‌గా పనికొస్తుంది. ఖర్చు పెట్టదలిస్తే స్పీకర్ల మీద పెట్టండి. జాజ్‌లో డబుల్ బాస్ వినబడకపోతే సగం సంగీతం పోయినట్టే. చిన్న బ్లూటూత్ డబ్బాల్లో మొదట మాయమయ్యేది అదే.

రెండో అడుగు: మొదటి డిస్కులు

ఇక్కడ తొందరపడవద్దు. ఒకేసారి ముప్పై కొన్నవాళ్లలో చాలామంది మూడు కూడా పూర్తిగా వినలేదు. నాలుగుతో మొదలుపెట్టండి.

గొంతు లేని సంగీతం ఇంతవరకు వినని వారికి "ఎల్లా అండ్ లూయిస్". 1956లో ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ కలిసి పాడారు, పియానో ఆస్కార్ పీటర్సన్. ఆమె గొంతు పట్టు, అతని గొంతు గరుకు. మాటలు అర్థం కాకపోయినా వాళ్లిద్దరి మధ్య చనువు అర్థమవుతుంది.

తాళం మీద ప్రేమ ఉన్నవారికి డేవ్ బ్రూబెక్ చతుష్టయం 1959లో చేసిన "టైమ్ అవుట్". ఇందులోని "టేక్ ఫైవ్" రచన బ్రూబెక్‌ది కాదు, సాక్సఫోన్ వాయించిన పాల్ డెస్మండ్‌ది. ఐదు మాత్రల నడక. మన ఖండచాపు "తక తకిట" అని నడుస్తుంది, ఇది "తకిట తక" అని నడుస్తుంది. తొడ మీద చేత్తో వేసుకుంటూ వింటే రెండో నిమిషానికి ఒంటికి పట్టేస్తుంది. అదే డిస్కులో మొదటి పాట "బ్లూ రోండో" తొమ్మిది మాత్రలది: "తక తక తక తకిట" అని మూడుసార్లు, నాలుగోసారి "తకిట తకిట తకిట". మృదంగం నేర్చుకునే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లకు ముందుగా ఇది వినిపించండి. ఈ రికార్డింగుకు ముందు ఏడాది, 1958లో, బ్రూబెక్ బృందం మన దేశంలో పర్యటించింది కూడా.

మూడోది "కైండ్ ఆఫ్ బ్లూ". మైల్స్ డేవిస్ ట్రంపెట్, 1959. అందరూ చెబుతారు కాబట్టి చెప్పడం లేదు. రాగం విని పెరిగిన చెవికి ఇంత సులువుగా తలుపు తీసే జాజ్ మరొకటి నాకు దొరకలేదు. అంతకు ముందరి జాజ్‌లో కింద స్వరసమూహాలు క్షణక్షణం మారుతుంటాయి, వాయించేవారు వాటి వెంట పరుగెత్తాలి. ఇందులో ఒక్కో స్వరశ్రేణి మీద చాలాసేపు నిలబడతారు. ఆలాపనలో ఒక స్వరం దగ్గర ఆగి చుట్టూ తిరిగి చూసినట్టు ఉంటుంది.

నాలుగోది పూర్తిగా మన ఊరి కారణంతో చెబుతున్నాను. పియానో వాద్యకారుడు హెర్బీ హాంకాక్ 1965లో చేసిన "మెయిడెన్ వాయేజ్". అంటే ఓడ తొలి ప్రయాణం. ఐదు రచనలూ సముద్రం చుట్టూ తిరుగుతాయి. ఒకదాని పేరు "ది ఐ ఆఫ్ ది హరికేన్", తుపాను కన్ను. చివరిది "డాల్ఫిన్ డాన్స్". సాయంత్రం రేవులోకి ఓడ వస్తుంటే, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ మీద దీపస్తంభం వెలుగుతుంటే, ఆ చివరి రచన వినండి. హాంకాక్ మన కొండను చూసి రాయలేదని నాకు తెలుసు. అయినా నా చెవిలో ఆ రెండూ విడిపోవు.

ఇక వినే పద్ధతి. మొదటిసారి ఏ పనీ పెట్టుకోకుండా, బుక్‌లెట్ తెరవకుండా వినండి. రెండోసారి బుక్‌లెట్ చేతిలో ఉంచుకుని, ఇప్పుడు వాయిస్తున్నది ఎవరో పేరు పెట్టి గుర్తుపట్టండి. మూడోసారి ఒక్క వాద్యాన్నే, ముఖ్యంగా బాస్‌ను, మొదటి నుంచి చివరి దాకా వెంబడించండి. చాలా రచనలు ఒక తీరులో నడుస్తాయి: మొదట అందరూ కలిసి పల్లవి లాంటి అసలు వరుస, తర్వాత ఒక్కొక్కరి మనోధర్మం, కొన్నిసార్లు తనియావర్తనంలా డ్రమ్స్, చివరికి మళ్లీ పల్లవి. ఆ పల్లవి గుర్తుంచుకుంటే దారి తప్పరు.

మూడో అడుగు: పేరు పట్టుకుని తర్వాతి డిస్కుకు

ఉత్తమ వంద ఆల్బమ్‌ల జాబితాలు పక్కన పెట్టండి. నచ్చిన డిస్కు బుక్‌లెట్‌లోంచి ఒక పేరు తీసుకోండి. "కైండ్ ఆఫ్ బ్లూ"లో బాస్ పాల్ ఛాంబర్స్. అతను నచ్చాడా? సాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ 1957లో రికార్డు చేసిన "బ్లూ ట్రైన్"లోనూ అతనే. పియానో బిల్ ఎవాన్స్ నచ్చితే "వాల్ట్జ్ ఫర్ డెబీ". అది 1961 జూన్ 25న న్యూయార్కులోని విలేజ్ వాన్‌గార్డ్ అనే క్లబ్బులో రికార్డు చేసినది. బల్లల దగ్గర గ్లాసుల చప్పుడు, జనం మాటలు అలాగే ఉంటాయి. అందులో బాస్ వాయించిన స్కాట్ లఫారో పదకొండు రోజుల తర్వాత కారు ప్రమాదంలో చనిపోయాడు, అప్పటికి అతని వయసు 25. ఈ సంగతి తెలిశాక ఆ బాస్ వినడం వేరుగా ఉంటుంది.

ఈ తీగ లాగుతూ పోతే ఒకచోట అది మన గోదావరి జిల్లాకు వస్తుంది. మైల్స్ డేవిస్ దగ్గర గిటార్ వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌తో కలిసి "శక్తి" బృందం పెట్టాడు. 1990ల చివర దాన్ని "రిమెంబర్ శక్తి"గా మళ్లీ కట్టినప్పుడు అందులో మాండొలిన్ పట్టింది మన పాలకొల్లు శ్రీనివాస్. 2000లో వచ్చిన "ది బిలీవర్" సీడీ దొరికితే వదలకండి. జాజ్ పరాయిదని అనే బంధువులకు నేను వినిపించేది అదే.

నాలుగో అడుగు: చేతిలో ఉన్నది ఏ ముద్రణ?

సేకర్తకు అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ఒకే ఆల్బమ్ సీడీగా పది పదిహేనుసార్లు వచ్చి ఉంటుంది, అన్నీ ఒకేలా వినిపించవు. కొన్నింటిలో సంగీతమే వేరు.

"కైండ్ ఆఫ్ బ్లూ" సంగతే తీసుకోండి. 1959 మార్చి 2న మొదటి మూడు రచనలు రికార్డు చేసినప్పుడు టేపు యంత్రం కొద్దిగా నెమ్మదిగా తిరిగింది. సరైన వేగంలో తిరిగే యంత్రం మీద ఆ టేపు వేస్తే శ్రుతి పెరుగుతుంది. దశాబ్దాల పాటు ప్రపంచం విన్నది ఆ పెరిగిన శ్రుతినే. అదే రోజు పక్కన నడిచిన రెండో యంత్రం వేగం సరిగ్గా ఉంది. 1997లో వచ్చిన కొలంబియా రికార్డు సంస్థ లెగసీ ముద్రణ దాని ఆధారంగా శ్రుతి సరిచేసింది. తంబురా యాప్ పెట్టుకుని పాత సీడీని, ఈ సీడీని పోల్చి చూశాను. తేడా అర స్వరం కన్నా తక్కువే, అయినా వినగానే తెలిసిపోతుంది.

జాజ్ బృంద నాయకుడు డ్యూక్ ఎలింగ్‌టన్ అమెరికాలోని న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో చేసిన కచేరీది ఇంతకన్నా పెద్ద కథ. 1956 జూలైలో జరిగిన ఆ కచేరీలో పాల్ గొన్సాల్వెజ్ సాక్సఫోన్ మీద ఆగకుండా 27 ఆవృతాలు వాయించాడు, జనం కుర్చీలు వదిలి లేచారు. కానీ అప్పట్లో అమ్మిన రికార్డులో చాలా భాగం తర్వాత స్టూడియోలో మళ్లీ వాయించి, చప్పట్లు కలిపి తయారు చేసినది. గొన్సాల్వెజ్ నిలబడింది కొలంబియా మైకు ముందు కాదు, వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకు ముందు. ఆ రేడియో టేపు దొరికాక, రెండు టేపులను జతచేసి 1999లో రెండు డిస్కుల సీడీగా నిజమైన కచేరీని విడుదల చేశారు. ఈ ఆల్బమ్ కొనేటప్పుడు రెండు డిస్కులు ఉన్నాయో లేదో చూడండి. ఒక్క డిస్కు ఉంటే అది పాత కూర్పు కావచ్చు.

ముద్రణ గుర్తించడానికి నేను చూసే వరుస ఇది. ముందు వెనుక అట్ట అడుగున ఉండే సన్న అక్షరాలు. వలయంలో పి అక్షరం పక్కన ఉండే సంవత్సరం ధ్వనిముద్రణ హక్కుది, వలయంలో సి అక్షరం పక్కన ఉండేది అట్ట, రాతల హక్కుది. ఒకటి 1959, రెండోది 1997 అని ఉంటే ఆ ప్యాకేజీ 1997 నాటిదని ఊహించవచ్చు. తర్వాత డిస్కు తిప్పి, మధ్య రంధ్రం చుట్టూ ఉన్న అద్దం లాంటి వలయాన్ని దీపం కింద చూడండి. అక్కడ చెక్కిన మ్యాట్రిక్స్ సంఖ్యే డిస్కుకు జాతకం. పక్కన ఐఎఫ్‌పీఐ అని, ఒక కోడు ఉంటే అది 1994కు ముందు తయారైనది కాదు. ఆ కోడ్లు అప్పుడే మొదలయ్యాయి. ఆ సంఖ్యను డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్ జాబితాలో వెతికితే ఏ దేశపు ఏ ఏటి ముద్రణో తేలుతుంది.

ఏఏడీ, ఏడీడీ, డీడీడీ అనే మూడక్షరాల గుర్తు చూసి మోసపోకండి. మొదటి అక్షరం రికార్డింగు, రెండోది మిక్సింగు, మూడోది సీడీ మాస్టర్ (ముద్రణకు వెళ్లే తుది ప్రతి) ఎలా చేశారో చెబుతాయి. ఏ అంటే అనలాగ్, డీ అంటే డిజిటల్. 1959 రికార్డింగుకు మొదటి అక్షరం ఏ తప్ప మరొకటి ఉండదు. డీడీడీ ఉంటేనే నాణ్యత అనుకుని ఏఏడీ డిస్కులను వదులుకున్నవారు నాకు తెలుసు. వాటిలో కొన్ని ఎంతో సహజంగా పలుకుతాయి.

బ్లూ నోట్ సంస్థ డిస్కుల్లో ఆర్‌వీజీ ఎడిషన్ అని కనిపిస్తుంది. ఆ రికార్డింగులు చేసిన ఇంజినీరు రూడీ వాన్ గెల్డర్ తన చేతులతో మళ్లీ మాస్టర్ చేసినవి అవి. చేసినవాడే చేశాడు కాబట్టి అవే ప్రమాణం అంటారు కొందరు. నాకు మాత్రం చాలావాటిలో డ్రమ్స్‌లోని ఇత్తడి తాళాల మెరుపు చెవికి గుచ్చుకుంటుంది. 1980లలో వచ్చిన మొదటి సీడీలు మెత్తగా ఉంటాయి. రెండూ విని నిర్ణయించుకోండి, ఇందులో నా మాటే చివరి మాట కాదు.

జపాన్ ముద్రణల్లో ఎస్‌హెచ్‌ఎం సీడీ (వేరే రకం ప్లాస్టిక్‌తో చేసిన మామూలు సీడీయే) అని ఉన్నవి ఏ ప్లేయర్‌లోనైనా ఆడతాయి. ఎస్ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ అనే వేరే రకం డిస్కు) అని ఉంటే జాగ్రత్త: హైబ్రిడ్ అని రాసి ఉంటేనే మామూలు ప్లేయర్ చదువుతుంది.

ఐరోపా నుంచి వచ్చే "ఎనిమిది ఆల్బమ్‌లు, నాలుగు డిస్కులు" తరహా చవక పెట్టెలు కూడా కనిపిస్తాయి. 1963కు ముందు విడుదలైన రికార్డింగులకు అక్కడ ధ్వనిముద్రణ హక్కు గడువు తీరిపోయింది, ఎవరైనా ముద్రించవచ్చు. కొత్త కళాకారుణ్ణి రుచి చూడటానికి అవి చాలు. కానీ చాలావాటిలో అసలు టేపు వాడరు, వాద్యకారుల పేర్లున్న బుక్‌లెట్ ఉండదు. ప్రాణంగా వినే ఆల్బమ్‌కు వాటిని ఆశ్రయించకండి.

ఐదో అడుగు: కొనడం

జగదాంబ కూడలి దగ్గర క్యాసెట్ల దుకాణంలో గంటలు గడిపి అరలు వెతికిన రోజులు పోయాయి. ఇప్పుడు విశాఖలో ఉన్న మార్గాలు మూడు. ఆన్‌లైన్‌లో మన దేశపు అమ్మకందారులు ఒకటి. విదేశీ అమ్మకందారులు రెండోది. పోస్టు ఖర్చు, పడితే సుంకం కలిపి లెక్క వేసుకున్నాకే కొనండి. మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: అమెరికా నుంచి సంక్రాంతికి వచ్చే మేనల్లుడు. అక్కడి పాత వస్తువుల దుకాణాల్లో జాజ్ సీడీలు చాలా చవక. జాబితా నవంబరులోనే పంపండి, ముద్రణ సంఖ్యతో సహా. ప్లాస్టిక్ కేసుతో ఒక సీడీ సుమారు 100 గ్రాములు, డిస్కు ఒక్కటే సుమారు 15 గ్రాములు. కేసులు అక్కడే తీసేసి డిస్కు, బుక్‌లెట్, వెనుక అట్ట మాత్రమే తెమ్మనండి. ఖాళీ కేసులు ఇక్కడ కొనుక్కోవచ్చు. సామాను బరువు గురించి మేనల్లుడికి మాట పడదు.

బదిలీల ఊరు కూడా కదా మనది. నేవీలోనూ రైల్వేలోనూ బదిలీ అయిన కుటుంబాలు సామాను తగ్గించుకునేటప్పుడు ఒక మాట చెవిన వేసి ఉంచండి. నా దగ్గరున్న ఎలింగ్‌టన్ డిస్కుల్లో సగం అలా ఒక అట్టపెట్టెలో వచ్చినవే.

పాత డిస్కు కొనేటప్పుడు అడుగుభాగం ఫొటో అడగండి. వెండి రంగు ఉండాలి. ఆకుపచ్చ లేదా ఊదా ఛాయ ఉంటే అది ఇంట్లో రాసుకునే సీడీ-ఆర్ రకం. ఒకసారి ఒక అమ్మకందారు అసలు ముద్రణ అని చెప్పి అలాంటిది పంపాడు. ఫొటో అడగకుండా డబ్బు కట్టాను. అప్పటి నుంచి ఫొటో లేనిదే కొనలేదు.

ఆరో అడుగు: ఇంటికి వచ్చాక

డిస్కును బల్బు వైపు పట్టుకుని చూడండి. సూదిమొన రంధ్రాల్లా వెలుగు కనిపిస్తే అల్యూమినియం పొర అక్కడ పోయినట్టు. అంచుల్లో గోధుమ రంగు పాకుతుంటే ఆ డిస్కు తుప్పు పడుతోంది, వెంటనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది కాబట్టి అంచు చెడితే ముందు పోయేవి చివరి పాటలు. పరీక్షగా ఎప్పుడూ చివరి పాట వినండి.

చాలామంది మెరిసే వైపును కంటికి రెప్పలా చూసుకుని బొమ్మ వైపు బల్ల మీద రుద్దేస్తారు. అది తలకిందుల జాగ్రత్త. మెరిసే వైపు మిల్లీమీటరుకు పైగా మందమైన పాలికార్బొనేట్ ఉంది, దాని మీద గీతను పాలిష్ చేయించవచ్చు. సంగీతం ఉన్న లోహపు పొర బొమ్మ వైపున, పలుచని లక్క కింద ఉంటుంది. అక్కడ గీత పడితే మందు లేదు.

తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా కాదు. అడ్డంగా పడిన గీతను ప్లేయర్ తనలోని దోష సవరణతో పూడ్చుకోగలదు. ట్రాక్ వెంట పొడుగ్గా పడితే, రెండున్నర మిల్లీమీటర్లు దాటాక ఆ సవరణకు అందదు.

ఏడో అడుగు: ఉప్పుగాలి, తేమ, తుపాను

హైదరాబాదు మిత్రులు ఇచ్చే సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. మన గాలిలో తేమ ఏడాదంతా ఉంటుంది, తీరానికి దగ్గరైతే ఉప్పు కూడా. ముందు చెడేది డిస్కు కాదు, కాగితం. తర్వాత ప్లేయర్ లోపలి లోహ భాగాలు. అందుకని సముద్రం వైపు కిటికీ దగ్గర ప్లేయర్ పెట్టకండి. వాన కొట్టే బయటి గోడకు ఆనించి సీడీల అర పెట్టకండి, చేతి వెడల్పు ఖాళీ వదలండి. చెక్క అరకు చెదలు పడతాయి, ఇనుప బీరువాకు తుప్పు పడుతుంది. నేను మూతలు గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలకు మారాను, ఒక్కో డబ్బాలో సిలికా జెల్ సంచి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమ తాగేశాయని అర్థం. వేడి చేసి ఆరబెట్టి మళ్లీ పెట్టాలి. వానాకాలంలో నెలకోసారి ఈ పని తప్పదు.

కలరా ఉండలు మాత్రం వేయకండి. పట్టుచీరలకు పనికొచ్చిందని నేను మొదట్లో వేశాను. వాటి ఆవిరికి పాలిస్టైరీన్ కేసులు మెత్తబడి జిగురుగా తయారయ్యాయి. అలాగే మెత్తని పీవీసీ జేబులున్న పాత సంచుల్లో డిస్కులను ఏళ్ల తరబడి ఉంచకండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కిటికీ అద్దం పగిలి కింది అరలోని డెబ్బై సీడీలు తడిశాయి. కరెంటు రోజుల తరబడి లేదు. అప్పుడు తెలిసిన విషయం ఇది: డిస్కులకు ఏమీ కాలేదు. మంచినీళ్లతో కడిగి, చివర ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కడిగి, నీడలో నిలబెట్టి ఆరబెడితే డెబ్బైకి డెబ్బై పలికాయి. పోయినవి బుక్‌లెట్లు. నున్నటి ఆర్టు కాగితం తడిసి ఆరితే పుటలన్నీ ఇటుకలా అతుక్కుంటాయి, ఆ తర్వాత విడదీస్తే అక్షరాలు ఊడి వస్తాయి. డిస్కుల మీద బెంగతో బుక్‌లెట్లను రెండో రోజుకు వదిలేశాను. అది నా తప్పు. మీకు అలాంటి రోజు వస్తే ముందు బుక్‌లెట్లు పట్టుకోండి. తడిగా ఉండగానే పుట పుటకూ మధ్య పలుచని ప్లాస్టిక్ కాగితమో, తెల్ల కాగితమో పెట్టి, మారుస్తూ ఆరబెట్టండి. ఇప్పుడైతే ప్రతి కొత్త బుక్‌లెట్‌నూ వచ్చిన రోజే పుట పుటా ఫొటో తీసి పెడుతున్నాను.

ఎనిమిదో అడుగు: కంప్యూటర్‌లో ఒక ప్రతి

యూఎస్‌బీ సీడీ డ్రైవ్ ఒకటి కొని, ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి సాఫ్ట్‌వేర్‌తో ఎఫ్ఎల్ఏసీ రూపంలో ఎక్కించండి. ఆ రూపంలో ధ్వని ఏమీ కోల్పోదు, స్థలం సీడీ కన్నా తక్కువ పడుతుంది. ఆక్యురేట్‌రిప్ అనే ఏర్పాటు మీ ప్రతిని ఇతరులు చేసిన ప్రతులతో పోల్చి, బిట్ కూడా తప్పలేదని చెబుతుంది. రెండు హార్డ్ డిస్కుల్లో ఉంచి, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి. కారులో వినడానికి ఈ ప్రతి వాడుకోండి. మే నెల ఎండలో డాష్‌బోర్డు మీద వదిలిన సీడీ వంగిపోతుంది.

తొమ్మిదో అడుగు: అరువు ఇవ్వడం

ఇవ్వండి, కానీ బుక్‌లెట్‌తో సహా ఇచ్చి నోటు పుస్తకంలో తేదీ రాసుకోండి. నా పుస్తకంలో "మెయిడెన్ వాయేజ్" ఎదురుగా నాలుగు పేర్లున్నాయి. నాలుగోసారి తీసుకెళ్లింది మా వీధి చివరి ఇంజినీరింగ్ విద్యార్థి. పదిహేను రోజులకు తిరిగి తెచ్చి, బుక్‌లెట్ తెరిచి రాన్ కార్టర్ పేరు మీద వేలు పెట్టి, "అంకుల్, ఈయన ఇంకా ఎక్కడ వాయించారు?" అని అడిగాడు. సాక్సఫోన్ వాద్యకారుడు వేన్ షార్టర్ "స్పీక్ నో ఈవిల్" తీసి ఇచ్చాను. అందులో బాస్ అతనే, పియానో హాంకాక్, ట్రంపెట్ మళ్లీ ఫ్రెడ్డీ హబ్బర్డ్. తేదీ రాసుకున్నాను.